వేరే రాష్ట్రం నంబరు బండితో శ్రీకాకుళం, విజయనగరం వస్తున్నారా? ఏం దగ్గర పెట్టుకోవాలి, నంబరు ఎప్పుడు మార్చుకోవాలి?

సంక్రాంతికి శ్రీకాకుళం జిల్లాలో ఏ ఊరికి వెళ్లినా టీజీ నంబరు కార్లు కనిపిస్తాయి. రథసప్తమికి అరసవల్లి, సిరిమానోత్సవానికి విజయనగరం వచ్చేవాళ్లలో ఒడిశా వాళ్లూ ఉంటారు. ఇక ఇచ్ఛాపురం వాళ్లకు బరంపురం, పాతపట్నం వాళ్లకు పర్లాకిమిడి పక్క వీధి లెక్క. ఇంతగా రాకపోకలున్నా, వేరే రాష్ట్రం నంబరు చూసి ఎవరైనా చెయ్యెత్తి ఆపితే చాలామందికి టెన్షన్. ఇక్కడ తిరగాలంటే ఇక్కడి టాక్స్ కట్టాలని ఎవరైనా అంటే నమ్మి జేబులో చెయ్యి పెట్టేస్తారు. మరికొందరు ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటూ పాత నంబరుతోనే తిరుగుతుంటారు. మొదటివాళ్లు కట్టనక్కర్లేనిది కడుతున్నారు, రెండోవాళ్లు కట్టాల్సింది కట్టడం లేదు.

అసలు విషయం తేలికే. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది. లైసెన్సూ అంతే, నేర్చుకునేవాళ్లకిచ్చే ఎల్‌ఎల్‌ఆర్ కూడా అంతే. చుట్టపుచూపుగా వచ్చిన సొంత బండికి ఇక్కడ కొత్తగా కట్టేదేమీ లేదు. అదే బండి ఇక్కడ కాపురం పెడితే లెక్క మారుతుంది. కిరాయికి తిప్పితే మరో లెక్క. కాబట్టి ముందు మీ బండి వీటిలో ఎందులోకి వస్తుందో చూసుకోండి.

1. ముందు నంబరు ప్లేటు రంగు చూడండి

తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే సొంత వాడకం బండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే ట్రాన్స్‌పోర్టు బండి, అంటే టాక్సీ, లారీ, బస్సు. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే మనమే నడుపుకోవడానికి అద్దెకిచ్చే కారు. ఆకుపచ్చ ప్లేటు ఎలక్ట్రిక్ బండిది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం తెల్ల ప్లేటు వాళ్ల కోసం.

పసుపు ప్లేటు వాళ్లకు రిజిస్ట్రేషన్ ఒక్కటే సరిపోదు, పర్మిట్ కావాలి. టూరిస్టు కార్లకు, బస్సులకు 2023 నాటి ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ నిబంధనలు వర్తిస్తాయి. ఆ పర్మిట్ ఉంటే ఒడిశా నుంచి యాత్రికులను తీసుకొచ్చి అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం చూపించి తిరిగి తీసుకెళ్లవచ్చు. అది లేకపోతే బయలుదేరే ముందే తాత్కాలిక పర్మిట్ తీసుకుని, కట్టాల్సిన పన్ను కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ సైటులో కట్టి రసీదు ఉంచుకోవాలి. సాలూరు లారీల వాళ్లకు నేషనల్ పర్మిట్ గురించి నేను చెప్పాల్సిన పని లేదు.

తెల్ల ప్లేటు కారును మాత్రం కిరాయికి తిప్పకండి. తెలిసినవాళ్ల పెళ్లికే కదా అని డబ్బు తీసుకుని పది మందిని దించి వచ్చినా అది పర్మిట్ లేని ట్రాన్స్‌పోర్టే. చట్టంలో మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా ఉంది, జైలు శిక్ష కూడా ఉంది. అంతకన్నా పెద్ద ప్రమాదం, దారిలో ఏదైనా జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేయవచ్చు.

2. బయలుదేరే ముందు కాగితాలు సర్దుకోండి

ఆర్‌సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్. ఈ నాలుగూ చాలు. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి ఏడాది కాని కొత్త బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. ఒక రాష్ట్రంలో తీసుకున్న పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు తీరేదాకా ఇంకో రాష్ట్రంలోనూ చెల్లుతుంది. సరిహద్దు దాటాం కదా అని మళ్లీ తీయించమంటే ఒప్పుకోనక్కర్లేదు.

ఫోనులో చూపించవచ్చా అని చాలామంది అడుగుతారు. చూపించవచ్చు. 2018 చివర్లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించి ఎలక్ట్రానిక్ పత్రాలను కాగితంతో సమానం చేశారు. కానీ అవి డిజీలాకర్‌లోనో ఎం-పరివాహన్‌లోనో ఉండాలి. గ్యాలరీలో ఉన్న ఆర్‌సీ ఫొటో, వాట్సాప్‌లో తమ్ముడు పంపిన లైసెన్సు ఫొటో వాటి కిందికి రావు. ఇంటి దగ్గర ఉన్నప్పుడే యాప్ తెరిచి మీ ఆర్‌సీ వస్తోందో లేదో చూసుకోండి. రాకపోతే అసలు కార్డు జేబులో పెట్టుకోండి. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కాక సిగ్నల్ పోతే యాప్ తెరుచుకోకపోవచ్చు కాబట్టి, ఆ దారిన కోరాపుట్ వెళ్లేవాళ్లు కార్డు ఉంచుకోవడమే మంచిది.

బండి మీ పేరున లేకపోయినా, నాన్నగారిదో బావగారిదో అయినా నడపడానికి అడ్డేమీ లేదు. మీకు ఆ తరగతి బండికి లైసెన్సు ఉండాలి, బండికి బీమా ఉండాలి, అంతే. అనుమతి ఉత్తరం ఉండి తీరాలని చట్టంలో లేదు. అయినా యజమాని ఫోనులో అందుబాటులో ఉండేలా చూసుకుంటే, ఆపినప్పుడు మాట త్వరగా తేలిపోతుంది. లైసెన్సు లేని మేనల్లుడికి మాత్రం పండగ పూట తాళం ఇవ్వకండి. నడిపినవాడికి 5,000, ఇచ్చిన యజమానికి 5,000 పడుతుంది. మైనర్ అయితే 25,000 జరిమానాతో పాటు పెద్దవాళ్లకు మూడేళ్ల దాకా జైలు.

కారుకు ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో చూసుకోండి. జాతీయ రహదారి 16 మీద ఇచ్ఛాపురం వైపు నుంచి వస్తే బెల్లుపడ, పలాస దగ్గర లక్ష్మీపురం, నరసన్నపేట దగ్గర మడపాం, ఆపైన నాతవలస టోల్ గేట్లు తగులుతాయి. ఫాస్టాగ్ పనిచేయక నగదు ఇస్తే రెట్టింపు. 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే ఒకటింపావు రెట్లు. బైకులకు టోల్ లేదు.

3. నడిపేది ఏ నేల మీదో ఆ నేల రూల్స్

నంబరు ఎక్కడిదైనా తప్పు ఎక్కడ జరిగితే అక్కడి జరిమానాయే. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో చట్టంలో మొత్తాలు బాగా పెరిగాయి. హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయలు, మూడు నెలలు లైసెన్సు సస్పెన్షన్. సీటు బెల్టుకు 1,000, బీమా లేకపోతే 2,000, తాగి నడిపితే మొదటిసారికి 10,000 లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అక్కడికక్కడే కట్టించుకునే అపరాధ రుసుమును ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నిర్ణయించుకోవచ్చు. అందుకే ఒడిశాలో ఒక తప్పుకు కట్టినంతే ఇక్కడా ఉంటుందనుకోకండి.

హెల్మెట్ వెనక కూర్చున్నవాళ్లకూ తప్పదు. సరిహద్దు ఊళ్లలో ఈ మాట ఎవరూ పట్టించుకోరు, పాతపట్నం నుంచి పర్లాకిమిడి ఎంత దూరమని అంటారు. పడితే తల పగలడానికి దూరంతో పని లేదు. దయచేసి పెట్టుకోండి.

నాలుగు వరసల రహదారి మీద కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. ఊరు దగ్గర బోర్డు మీద అంతకన్నా తక్కువ రాసి ఉంటే ఆ బోర్డుదే మాట.

4. ఆపినప్పుడు ఏం చేయాలి

ఇచ్ఛాపురం దగ్గర, సాలూరు దారిలో తనిఖీలు మామూలే. ఒడిశా సరిహద్దు మీదుగా గంజాయి రవాణా జరుగుతుంది కాబట్టి పోలీసులు డిక్కీ తెరవమంటారు. అది మీ మీద అనుమానం కానక్కర్లేదు. బండి పక్కకు ఆపి, డిక్కీ తెరిచి, అడిగిన పత్రం చూపించండి. దారిలో ముక్కూ మొహం తెలియనివాళ్ల సంచులు ఎక్కించుకోకండి, ఎంత బతిమాలినా సరే. అందులో ఏదైనా దొరికితే కేసుతో పాటు బండి కూడా పోతుంది. మద్యం సీసాలు కూడా అవతలి రాష్ట్రం నుంచి తేవద్దు. ఎక్సైజ్ చట్టం వేరు, ఆ కేసులోనూ బండి స్వాధీనం చేసుకుంటారు.

వేరే రాష్ట్రం నంబరు ఉండటమే తప్పు అన్నట్టు ఎవరైనా మాట్లాడితే గొడవ పడకండి. ఎప్పుడు వచ్చారో, ఎక్కడికి వెళ్తున్నారో చెప్పండి. జరిమానా వేస్తే ఏ తప్పుకు, ఏ సెక్షన్ కింద అని అడిగి చలానా తీసుకోండి. చలానా లేకుండా రూపాయి కూడా ఇవ్వకండి. మీ లైసెన్సు వాళ్ల దగ్గరే ఉంచుకుంటే దానికీ రసీదు ఇవ్వాలి.

కెమెరాకు చిక్కిన తప్పుకు చలానా ఆర్‌సీలో ఉన్న మొబైల్ నంబరుకు వస్తుంది. ఆ నంబరు పాతదైతే మీకు తెలియకుండానే పేరుకుపోయి, తరువాత ఎన్‌ఓసీ, అంటే బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదని ఆర్టీఓ ఇచ్చే పత్రం, అడిగే రోజున బయటపడుతుంది. చలానా పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే మాత్రం తెరవకండి, అది బ్యాంకు ఖాతా దోచుకునేవాళ్ల పని. పరివాహన్ ఈ-చలాన్ సైటులోకి మీరే వెళ్లి బండి నంబరు కొట్టి చూసుకోండి.

5. పన్నెండు నెలలు దాటుతుంటే

చట్టంలోని 47వ సెక్షన్ చెప్పేది ఇది: ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. గడువు తీరాక 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి ఇంటి నుంచే పని చేయడానికి టెక్కలికో బొబ్బిలికో వచ్చేసిన కుర్రాళ్లకు ఇది ముఖ్యం. తెలంగాణ బండి మన తెలుగు బండే అనుకుంటారు గానీ, చట్టం దృష్టిలో ఒడిశా ఎంతో తెలంగాణ అంతే.

ఏడాది కాలేదని చూపించడానికి ఆధారాలు దాచుకోండి. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, అవతలి రాష్ట్రంలో చేయించిన సర్వీసింగ్ బిల్లులు బాగా పనికొస్తాయి. ఇల్లు ఒక రాష్ట్రంలో, కొట్టో ఆఫీసో ఇంకో రాష్ట్రంలో ఉన్నవాళ్లకు కొంత వెసులుబాటు ఉంది. బండి మామూలుగా ఉంచే చోటు ఇల్లయినా వ్యాపార స్థలమైనా సరే, ఆ రాష్ట్రంలో రిజిస్టర్ చేయించుకోవచ్చు. చిరునామా రుజువు మాత్రం నిజమైనదై ఉండాలి.

బీహెచ్ సిరీస్ నంబరున్న బండికి ఈ తిప్పలు లేవు. 2021 సెప్టెంబరులో మొదలైన ఈ సిరీస్ రక్షణ సిబ్బందికి, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకు ఇస్తారు. రాష్ట్రం మారినా నంబరు మారదు.

6. నంబరు మార్చుకునే వరస

మొదట పాత రాష్ట్రంలో పెండింగు చలానాలు, పన్ను బకాయిలు కట్టేయండి. బండి మీద లోన్ ఉంటే బ్యాంకు నుంచి అంగీకార పత్రం తెచ్చుకోండి. తరువాత అక్కడి ఆర్టీఓకు ఫారం 28తో ఎన్‌ఓసీకి దరఖాస్తు చేయండి. ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్, అంటే ఆ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిన అచ్చు, దానికి జత చేయాలి. ఆ ఆఫీసు 30 రోజుల్లో ఎన్‌ఓసీ ఇవ్వాలి, లేదా ఎందుకు ఇవ్వలేదో రాసివ్వాలి. ఏమీ చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్క అని చట్టమే అంటుంది.

ఎన్‌ఓసీ వచ్చాక ఇక్కడి రవాణా శాఖలో ఫారం 27, ఆర్‌సీ, బీమా, పొల్యూషన్, చిరునామా రుజువు ఇచ్చి లైఫ్ టాక్స్ (జీవితకాల పన్ను) కట్టాలి. బండి ధరను, వయసును బట్టి టాక్స్ ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. బండిని తీసుకెళ్లి చూపించాలి.

బరంపురంలో చవగ్గా దొరికిందని సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు దీనికి బండి పేరు మార్పిడి కోసం ఫారం 29, 30 కూడా కలుపుకోవాలి. డబ్బు ఇవ్వకముందే ఆ నంబరు మీద లోన్, చలానాలు ఉన్నాయేమో చూడండి. ఎన్‌ఓసీ తెచ్చిచ్చే బాధ్యత అమ్మేవాళ్లదని కాగితం మీద రాయించుకుని, కొంత సొమ్ము అది చేతికొచ్చేదాకా ఆపండి. ఇక్కడ కట్టాల్సిన లైఫ్ టాక్స్ కలిపి లెక్క వేసుకున్నాకే చవకో కాదో తెలుస్తుంది.

కొత్త ఆర్‌సీ వచ్చాక బీమా కంపెనీకి, ఫాస్టాగ్ ఇచ్చిన బ్యాంకుకు కొత్త నంబరు చెప్పండి. పాత రాష్ట్రంలో ముందే కట్టేసిన జీవితకాల పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడగవచ్చు. ఎన్‌ఓసీ, కొత్త ఆర్‌సీ, ఇక్కడ పన్ను కట్టిన రసీదుల నకళ్లతో పాత ఆర్టీఓకు దరఖాస్తు పెట్టండి. చాలామంది తిరగలేక వదిలేస్తారు గానీ అది మీ డబ్బే. రాష్ట్రాన్ని బట్టి గడువు ఉంటుంది కాబట్టి కొత్త ఆర్‌సీ చేతికొచ్చిన వారంలోనే పంపేయండి.