కర్తరి ఎండలకు ముందు ఉప్పునీటి అక్వేరియం: చేపల ఎంపికలో జాగ్రత్తలు

మే మొదటి వారంలో చెన్నైలో కర్తరి ఎండలు మొదలయ్యేలోగా, ఇంట్లోని ఉప్పునీటి అక్వేరియంలో ఏ చేపలు కలిసి ఉండగలవో తేల్చుకోవడం అవసరం. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది, చేపలకు కావలసిన ప్రాణవాయువు మాత్రం పెరుగుతుంది. అందువల్ల అంతవరకు ఎలాగో సర్దుకుపోయిన చేపల్లో బలహీనమైనది ముందుగా జబ్బుపడుతుంది. కొత్త చేపలను తెచ్చే పని మార్చిలోనే ముగించి, ఎండలు తగ్గేదాకా మరొకటి చేర్చకపోవడమే క్షేమం.

చెన్నైలో అలంకార చేపలు అమ్మే కొళత్తూరు దుకాణాల్లో రెండంగుళాల పిల్లగా ముద్దుగా కనిపించే నీలి టాంగ్ సుమారు 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. రోజంతా ఈదే ఆ చేపను 200 లీటర్ల తొట్టెలో బంధించడం అన్యాయం. లయన్ ఫిష్ తన నోట్లో పట్టే ఏ చేపనైనా మింగేస్తుంది. ట్రిగ్గర్ ఫిష్ రొయ్యలను, పీతలను బతకనివ్వదు. సముద్రపు గుర్రాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది కనుక, ఎవరైనా అమ్మజూపినా కొనకూడదు.

డామ్సెల్ చేపల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. చవకగా దొరుకుతాయని, గట్టి ప్రాణమని కొత్త తొట్టెలో వీటినే మొదట వేయమని చెప్పేవారు ఉన్నారు. కానీ ఒక మూలను సొంతం చేసుకున్న డామ్సెల్ తరువాత వచ్చిన ప్రతి చేపనూ తరుముతుంది, దాన్ని పట్టి బయటికి తీయాలంటే రాళ్లన్నీ కదిలించవలసి వస్తుంది. చేపలు లేకుండానే నీటిని సిద్ధం చేసి, చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే చేపలను వేయడం మేలు.

అలా సిద్ధమైన 200 లీటర్ల తొట్టెకు ఒక ఫైర్ ఫిష్ గోబీ, ఒక రాయల్ గ్రామా, ఒక జత ఒసెల్లారిస్ క్లౌన్ ఫిష్ సరిపోతాయని నా అభిప్రాయం. బెదురు స్వభావం గల ఫైర్ ఫిష్‌ను మొదట, క్లౌన్ జతను చివర వేయాలి. క్లౌన్ పిల్లలను రెండింటినే తీసుకోవాలి. వాటిలో బలమైనది ఆడదవుతుంది, రెండవది మగదిగా మిగులుతుంది, మూడవదానికి మాత్రం చోటుండదు. ఫైర్ ఫిష్ బెదిరితే బయటికి దూకుతుంది కనుక సన్నని వల మూత తప్పనిసరి. ఆ మూత మీదుగా ఫ్యాన్ గాలి తగిలితే నీరు కొంత చల్లబడుతుంది, కానీ ఆవిరి పెరుగుతుంది. తగ్గిన నీటిని ఉప్పు కలపని ఆర్వో నీటితోనే నింపుతూ, నీటిలో ఉప్పు మోతాదు చూపే హైడ్రోమీటర్‌లో 1.025 దగ్గర నిలిచేలా చూసుకోవాలి.

కొత్త చేపను నాలుగు వారాలైనా వేరే తొట్టెలో ఉంచాలి. తెల్లమచ్చల జబ్బుకు వాడే రాగి మందు రొయ్యలను చంపుతుంది కాబట్టి, అవి ఉండే ప్రధాన తొట్టెలో ఆ చికిత్స కుదరదు.

చేపను కలిపాక మొదటి వారం మేత వేసే వేళ దగ్గరుండి గమనించండి. రెక్కల అంచులు చిరిగి ఉండటం, ఒక చేప నీటి పైమూలలో కదలకుండా నిలబడటం, మేతకు రాకపోవడం తరుముడుకు గుర్తులు. అటువంటప్పుడు తరిమే చేపను కొన్నాళ్లు వేరుచేయండి. కరెంటు పోయినప్పుడు వెంటనే బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టి, తిరిగి వచ్చేదాకా మేత వేయకండి.