థాయ్‌లాండ్ నీటి సంతలకు వెళ్ళే ముందు వేళ చూసుకోండి

కాలువలో పడవల మీదే సరుకు పెట్టుకొని అమ్మే సంతను థాయ్ భాషలో ‘తలాత్ నామ్’ అంటారు. తలాత్ అంటే సంత, నామ్ అంటే నీరు. బ్యాంకాక్ వెళ్ళే మనవాళ్ళు సాధారణంగా ఏ సంతకు వెళ్ళాలా అని ఆలోచిస్తారు గానీ, ఏ వారం, ఏ గంటకు వెళ్ళగలరో ముందు తేల్చుకుంటే సంత ఏదన్నది దానంతటదే తేలిపోతుంది. ఒక్కో సంతకు ఒక్కో వేళ ఉంది. ఆ వేళ తప్పితే మిగిలేది నీటి ఒడ్డున జ్ఞాపికల దుకాణాలు మాత్రమే.

అందరికీ తెలిసిన డమ్నోన్ సదువాక్ రోజూ ఉదయం పూట జరుగుతుంది. ఇది బ్యాంకాక్‌కు నైరుతిగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, రాచ్చబురి ప్రాంతంలో ఉంది. మేక్లాంగ్, తా చిన్ నదులను కలుపుతూ మోంగ్‌కుట్ రాజు హయాంలో, 1866-1868 మధ్య, ముప్పై కిలోమీటర్లకు పైగా తవ్విన కాలువ మీద ఈ సంత ఉంది. కొబ్బరి, పండ్ల తోటల వాళ్ళకు ఆ కాలువే బాటైంది, ఆ బాట మీదే సంత పుట్టింది. పర్యాటకుల బస్సులు తొమ్మిది దాటాక వరుసకడతాయి కనుక ఏడు గంటలకల్లా అక్కడ ఉండేలా చీకటితోనే బయలుదేరండి. డ్రైవరు దారిలో ఏదైనా ప్రైవేటు రేవు దగ్గర కారు ఆపి పడవ ఇక్కడే ఎక్కాలని చెబితే వెంటనే డబ్బు కట్టవద్దు. సంత దాకా వెళ్ళి, ఒడ్డునే తెడ్డు పడవను, ధర ముందే మాట్లాడుకొని, ఎక్కవచ్చు. మోటారు పడవ కన్నా తెడ్డు పడవే మేలు. అమ్మే పడవ పక్కన ఆగడానికి, ఎదుటివారితో మాట్లాడడానికి దానిలోనే వీలు.

శుక్ర, శని, ఆదివారాల్లో మధ్యాహ్నం తరువాత వెళ్ళగలిగినవారికి సముత్ సోంగ్‌ఖ్రామ్ ప్రాంతంలోని అంఫావా సరైనది. థాయ్ రాజైన రెండో రామ పుట్టిన ఊరిది. చీకటి పడ్డాక ఇక్కడి పడవలు మిణుగురు పురుగులను చూపించడానికి బయలుదేరతాయి. ఒడ్డున ఉండే లంఫూ చెట్ల మీద అవి గుంపులుగా చేరి వెలుగుతాయి. చెట్టు దగ్గరికి వచ్చాక ఇంజను ఆపమని పడవవాడిని కోరండి, ఫ్లాష్ వెయ్యకండి. ఒడ్డునే ఇళ్ళున్నాయి, వాళ్ళకూ నిద్ర కావాలి. అంఫావా సంతకు వెళ్ళే ముందు, కొన్ని కిలోమీటర్ల దూరంలోని ఊరైన మేక్లాంగ్‌లో పట్టాల మీద కూర్చొని అమ్మే బజారు చూడవచ్చు. రైలు వస్తుందనగానే గుడారపు నీడలు మడిచి, బుట్టలు వెనక్కి లాగి, అది దాటగానే మళ్ళీ పరుస్తారు. రైళ్ళు రోజుకు కొన్నే కాబట్టి వేళలు ముందు కనుక్కోవాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అంఫావాకు దగ్గరలోని తా ఖా. ఈ సంత వారాంతాలతో పాటు చాంద్రమాన తిథుల ప్రకారం, శుక్ల, కృష్ణ పక్షాలు రెండింటిలోనూ విదియ, సప్తమి, ద్వాదశి నాడు ఉదయం జరుగుతుంది. పడవలకు చాలినంత పోటు నీరు కాలువలో ఉండే రోజులను చూసి పెట్టుకున్న ఆనవాయితీ ఇది. పంచాంగం చూసే ఇంట పుట్టినవారికి ఇంతకన్నా సులువైన లెక్క లేదు. అయితే థాయ్ పంచాంగానికీ మనదానికీ ఒక రోజు తేడా రావచ్చు కనుక బస చేసిన చోట అడిగి నిర్ధారించుకోండి.

తిండి విషయానికి వస్తే, ఇక్కడి ‘ఖనోమ్ క్రోక్’ను చూడగానే మన గుంట పొంగణాలు గుర్తుకొస్తాయి. గుంటల పెనంలో బియ్యప్పిండి, కొబ్బరిపాలు పోసి, అంచు కరకరలాడి నడిమి భాగం ఇంకా వణుకుతుండగానే గరిటెతో తీసి, రెండేసి జోడించి ఇస్తారు. వేడి తగ్గాక తినండి, లోపలి పాలు నోరు కాలుస్తాయి. శాకాహారులు మాత్రం చాలా జాగ్రత్త పడాలి. కూరగాయల వంటకమని చెప్పినదానిలోనూ చేప రసం పడుతుంది. ‘మై సై నామ్ ప్లా’ అంటే చేప రసం వెయ్యవద్దని అర్థం. పసుపు జెండా మీద ఎర్రని అక్షరాలున్న ‘జే’ దుకాణాల్లో మాంసం, చేప, గుడ్డు, వెల్లుల్లి కూడా వాడరు. పడవ మీద వండే నూడుల్స్ పులుసులో పంది రక్తమో, పశువు రక్తమో కలపడం మామూలు కాబట్టి అడగకుండా తీసుకోవద్దు. చిన్న నోట్లు దగ్గర పెట్టుకోండి.

బ్యాంకాక్ దాటి వెళ్ళలేనివారికి వారాంతాల్లో తలింగ్ చాన్, ఖ్లాంగ్ లాత్ మాయోమ్ సంతలున్నాయి. నది మీద తిరగాలంటే సఫాన్ తాక్సిన్ మెట్రో రైలు స్టేషను పక్కనున్న సాథోన్ రేవుకు వెళ్ళి చావో ఫ్రాయా నదిలో నారింజ జెండా పడవ ఎక్కండి. ఊరివాళ్ళు రోజూ తిరిగే పడవ అదే, ఖర్చూ తక్కువ. తా తియెన్ రేవులో దిగి ఎదుటి ఒడ్డుకు చిన్న పడవలో దాటితే ‘వాట్ అరుణ్’ అనే అరుణ ఆలయం. కాలువల్లోకి వెళ్ళాలంటే వెనక పొడవాటి కడ్డీ చివర ఇంజను పంకా ఉండే పొడుగు తోక పడవను గంట లెక్కన మాట్లాడుకోవాలి. బ్యాంకాక్ యాయ్ కాలువ ముఖద్వారంలో నీటి తలుపులున్నాయి. రెండు వైపులా మట్టం సమమయ్యేదాకా పడవలన్నీ ఆ ఇరుకులో ఆగుతాయి. పక్క పడవ తగిలే ప్రమాదం ఉంది గనుక చేతులు అంచు మీద పెట్టకండి. లైఫ్ జాకెట్ అడిగి మరీ వేసుకోండి, పిల్లలను నడిమి బల్ల మీద కూర్చోబెట్టండి.

సెప్టెంబరు, అక్టోబరు వానలు తప్పించుకొని నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్ళడం మంచిది. వీలైతే లోయ్ క్రతోంగ్ పున్నమికి చేరండి. సాధారణంగా అది మన కార్తీక పౌర్ణమి నాడే వస్తుంది. అరటి బోదె ముక్కకు ఆకులు చుట్టి, పూలు, అగరువత్తి, కొవ్వొత్తి గుచ్చి, ఆ రాత్రి నీటిలో వదులుతారు. రేవులో నిలబడి మీరూ ఒకటి వదలండి. థర్మోకోల్‌తో చేసినవి కాకుండా అరటి బోదెతో చేసినదే అడిగి కొనండి.