అంగడి మూసేటప్పుడు జీఎస్టీ నంబరు ఎలా రద్దు చేసుకోవాలి?

కడపలో చాలా ఏళ్లుగా చిన్న అంగళ్ల లెక్కలు రాస్తున్నాను. వై.వి. స్ట్రీట్‌లో అంగడి తెరవాలంటే ముహూర్తం చూసి, బోర్డు కట్టి, లైసెన్సులన్నీ వరసగా తెచ్చుకుంటారు. మూసేటప్పుడు మాత్రం మిగిలిన సరుకు ఎవరికో అప్పజెప్పి, బాడుగ అడ్వాన్సు వెనక్కి తీసుకుని, షట్టరు దించి వెళ్లిపోతారు. రెండు మూడేళ్లకు నోటీసు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. అప్పుడు కట్టే దానిలో సగం అనవసరంగా కట్టేదే. చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నాను. సొంత పేరు మీద, రెగ్యులర్ పద్ధతిలో జీఎస్టీ కడుతున్నవాళ్లకు ఇది.

ముందు జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ అయి మీ ఫోన్ నంబరు, మెయిల్ చూసుకోండి. ఒక ఫ్యాన్సీ అంగడాయన వస్తే కూర్చోబెట్టి పోర్టల్ తెరిచాను. ఓటీపీ నొక్కాం, ఆయన ఫోన్ మోగలేదు. అందులో ఉన్న నంబరు ఎప్పుడో లెక్కలు రాసిన పిల్లోడిది. వాడు బెంగళూరు పోయి సిమ్ మార్చేశాడు. నోటీసులన్నీ వాడి మెయిల్‌కే పోయాయి. నంబరు మార్పించుకోవడానికే ఆయన ఆధార్, పాన్ పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగాడు. మీ నంబరే పెట్టుకోండి, అంగడి మూశాక కూడా ఆ సిమ్ వదలొద్దు.

పెండింగ్ రిటర్నులు వేసేయండి. వేయని 3బీకి (పన్ను లెక్క చూపి కట్టే రిటర్ను) రోజుకు 50 రూపాయలు, అమ్మకాలు లేని నెలదైతే 20 రూపాయలు ఆలస్య రుసుము. ఇందులో చెప్పడానికి ఇంకేం లేదు.

అసలు కష్టం సరుకు దగ్గర. నంబరు రద్దయ్యే తేదీకి ముందు రోజు అంగట్లో మిగిలిన సరుకు మీద పన్ను కట్టాలి. కొన్నప్పుడు కట్టి, మినహాయించుకున్న పన్ను (దీన్నే క్రెడిట్ అంటారు) ఒకవైపు, ఇప్పుడు ఆ సరుకు మీద పడే పన్ను ఒకవైపు పెట్టి, ఏది ఎక్కువైతే అది. పోర్టల్‌లో మీ క్రెడిట్ లెడ్జర్‌లో (వాడకుండా మిగిలిన క్రెడిట్ ఖాతా) ఉన్నది వాడుకోవచ్చు, చాలకపోతే నగదు. చాలామంది రద్దు ఫారంలో సరుకు విలువ అడిగే గడిలో సున్నా రాసేస్తారు. ‘అడిగేవాడెవడు’ అంటారు. మీ కొనుగోళ్లు, అమ్మకాలు రెండూ పోర్టల్‌లోనే ఉన్నాయి. రెండూ తీసేస్తే మిగిలిన సరుకెంతో ఎవరికైనా తెలుస్తుంది. దయచేసి సున్నా రాయొద్దు.

నేను చెప్పే పద్ధతి ఒక్కటే. రద్దు దరఖాస్తుకు రెండు నెలల ముందే తగ్గింపు పెట్టి, బిల్లు వేసి, సరుకు అమ్మేయండి. సెల్‌ఫోన్ సామాన్ల అంగడి అనుకోండి. 3 లక్షలకు కొన్న సరుకు మిగిలింది, దాని మీద 18 శాతం చొప్పున 54,000 క్రెడిట్ తీసుకున్నారు. అలాగే ఉంచి రద్దు చేసుకుంటే తక్కువలో తక్కువ 54,000 వదులుకోవాలి. నిజంగానే 2 లక్షలకు అమ్మేస్తే పన్ను 36,000. చేతికి డబ్బూ వస్తుంది. ‘ముందు నంబరు రద్దు చేసుకుంటే సరుకు తర్వాత మెల్లగా అమ్ముకోవచ్చు’ అని సలహా ఇచ్చేవాళ్ల మాట వినొద్దు.

మిగిలినది చేత్తో లెక్కపెట్టండి. ఒకరు అర ముందు నిలబడి చదవాలి, ఒకరు నోటు పుస్తకంలో రాయాలి. కంప్యూటర్‌లో చూపించే స్టాకును నేను నమ్మను. కొన్న బిల్లులు పక్కన పెట్టుకోండి. బిల్లు దొరకని సరుకుకు మార్కెట్ ధర మీద లెక్కేసి, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ తేవాలి, అది వేరే ఖర్చు.

ఏసీ, ఫ్రిజ్, బిల్లింగ్ మిషన్ లాంటి వాటిని మరచిపోతారు. వాటి ఆయుష్షు 5 ఏళ్లు, అంటే 60 నెలలుగా లెక్క. 10,800 క్రెడిట్ తీసుకున్న మిషన్‌ను 36 నెలలు వాడితే, మిగిలిన 24 నెలలకు 4,320. దాన్నే 30,000కు అమ్మితే 18 శాతం చొప్పున పన్ను 5,400. పెద్దది 5,400, అదే కట్టాలి.

ఇక రద్దు దరఖాస్తు, అదే రెగ్-16 ఫారం. వ్యాపారం ఆపిన 30 రోజుల్లోపు వేయాలి, ఫీజు లేదు. కారణం, తేదీ, సరుకు విలువ, పన్ను నింపాలి. ఇకమీదట ఉత్తరాలు పంపాల్సిన అడ్రసు అడుగుతుంది, అక్కడ ఇంటి అడ్రసు ఇవ్వండి. ఖాళీ చేసిన అంగడి అడ్రసు ఇస్తే ఉత్తరం కొత్తగా బాడుగకు వచ్చినవాడి చేతికి పోతుంది. అధికారి ఏమైనా అడిగితే 7 పని రోజుల్లో జవాబివ్వాలి. అన్నీ సరిగ్గా ఉంటే రద్దు ఆర్డరు వస్తుంది.

ఆర్డరు రాగానే పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. జీఎస్‌టీఆర్-10 అనే ఆఖరి రిటర్ను ఉంది. రద్దు తేదీ, ఆర్డరు తేదీ, వీటిలో ఏది తర్వాతదైతే దాని నుంచి 3 నెలల్లోపు వేయాలి. సరుకు ఏమీ లేకపోయినా వేయాల్సిందే. ఆలస్యమైతే రోజుకు 200, గరిష్ఠంగా 10,000. నా దగ్గరికి నోటీసుతో వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇది వేయనివాళ్లే. ఆర్డరు చేతికొచ్చిన వారంలోనే వేసేయండి, మూడు నెలలు ఆగొద్దు. అమ్మకాల మీద కొద్ది శాతం మాత్రమే కట్టే కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవాళ్లకు ఈ రిటర్ను అక్కర్లేదు.

మిగతావి చిన్న పనులు. కార్పొరేషన్‌లో ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో రిజిస్ట్రేషన్ రద్దుకు అర్జీ ఇచ్చి, ముద్ర వేసిన నకలు తెచ్చుకోండి. ఉద్యమ్ నంబరు (చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్) రద్దుకు ఖర్చు లేదు. తిండి సామాన్ల అంగడైతే ఆహార లైసెన్సు సరెండర్ చేయాలి. తాళాలు ఇచ్చే రోజు కరెంటు మీటరు రీడింగు ఫోటో తీసుకోండి. పార్ట్‌నర్‌షిప్ అయితే గెజిట్‌లో, ఒక తెలుగు పేపర్‌లో ప్రకటన ఇవ్వాలి, లేకపోతే పాత భాగస్వామి చేసే అప్పు మీ మెడకు చుట్టుకోవచ్చు. 

కరెంట్ అకౌంటు అన్నిటికన్నా చివర మూయండి. పోర్టల్‌లో నగదు లెడ్జర్‌లో (పన్నుకని మీరు వేసిన డబ్బు ఖాతా) మిగిలిన డబ్బు వాపసు కోరితే వచ్చేది ఆ అకౌంటుకే. బిల్లులు, ఖాతా పుస్తకాలు, ఆ స్టాకు నోటు పుస్తకం, ఏడాది రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. గోనెసంచిలో వేసి మిద్దె మీద పడేయకండి. ఇనుప పెట్టెలో పెట్టి, మీద ఏ సంవత్సరానివో రాసి, ఇంట్లో ఇంకొకరికి చూపించండి.