క్లీనప్ ప్యాచ్ పంపుతున్నారా? లైన్ తీసేసే ముందు ఇది చదవండి

ఈ మధ్య ఒక ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు కొత్త రిలీజ్ వచ్చిన రోజే వాడేవాళ్ల ప్లగిన్లన్నీ పనిచేయడం మానేశాయి. తీరా చూస్తే కారణం నాలుగు లైన్ల క్లీనప్, అంటే అనవసరం అనిపించిన కోడ్‌ను తీసేసే మార్పు. ఫైల్ పైన ఒక ఇంపోర్ట్ (వేరే కోడ్‌ను తెచ్చుకునే లైన్) ఉంది, కింద ఎక్కడా వాడలేదు, లింటర్ (కోడ్‌లో లోపాలు వెతికే టూల్) అనవసరం అంది, పంపినతను తీసేశాడు. కానీ ప్లగిన్లు రిజిస్టర్ అయ్యేదే ఆ ఇంపోర్ట్ వల్ల! టెస్టులు దాని జోలికే వెళ్లవు కాబట్టి అన్నీ పాసయ్యాయి.

అక్టోబర్ వస్తే హ్యాక్టోబర్‌ఫెస్ట్ (ఓపెన్‌సోర్స్‌కు కోడ్ పంపమని ప్రోత్సహించే కార్యక్రమం) పేరుతో ఇలాంటి చిన్న ప్యాచ్‌లు, అంటే కోడ్ మార్పులు, ఎక్కువవుతాయి. ఫోర్క్ ఎలా చేయాలి, బ్రాంచ్ ఎలా తీయాలి అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. నేను చెప్పేది ఒక్కటే: ఎందుకుందో తెలియని లైన్‌ను తీసేయకండి.

దీనికి ఎంత మూల్యం చెల్లించాల్సి వస్తుందో డెబియన్ అనే లైనక్స్ ప్రాజెక్టు చూసింది. 2006లో మెమరీ తప్పుల్ని పట్టే టూల్ హెచ్చరిస్తోందని ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో రెండు లైన్లు ఆపేశారు. అందులో ఒకటి కీ తయారీకి కావాల్సిన యాదృచ్ఛికతను కలిపే లైన్. అది పోయాక మిగిలింది ప్రాసెస్ ఐడీ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు సిస్టమ్ ఇచ్చే నంబరు) ఒక్కటే, అంటే ఒక రకం కీకి మహా అయితే 32,768 అవకాశాలు. 2008 మేలో బయటపడేదాకా డెబియన్, ఉబుంటు సిస్టమ్‌లలో అలాంటి బలహీనమైన కీలే తయారవుతూ వచ్చాయి. ఆ లైన్లు తీయొచ్చా అని ఓపెన్ఎస్ఎస్ఎల్ మెయిలింగ్ లిస్టులో ముందే అడిగారు కూడా, అయినా పొరపాటు ఆగలేదు. అందుకే అడిగేటప్పుడు ఏ ఫైల్లో ఏ లైన్, తీసేస్తే ఏం మారుతుందనుకుంటున్నారో అన్నీ రాసి అడగండి.

తీసేముందు గిట్ బ్లేమ్ కమాండ్‌తో ఆ లైన్ ఏ కమిట్‌లో (నమోదైన మార్పులో) వచ్చిందో చూడండి, ఆ కమిట్ మెసేజ్, దానికి సంబంధించిన ఇష్యూ (ప్రాజెక్టులో నమోదైన సమస్య) చదవండి. పాస్‌వర్డ్ వాడేశాక దాన్ని ఉంచిన మెమరీని (బఫర్‌ను) సున్నాలతో నింపే లైన్ పనికిరానిదిలాగే కనిపిస్తుంది, అది రహస్యం మెమరీలో మిగిలిపోకుండా పెట్టింది. లింటర్‌కు లైన్ వాడుతున్నారా లేదా అన్నదే తెలుసు, ఎందుకు పెట్టారో తెలియదు.

ఇక మిగతావి. కంట్రిబ్యూటింగ్ ఫైల్ (ప్యాచ్‌లు ఎలా పంపాలో ప్రాజెక్టు చెప్పే ఫైల్) చదవండి, కొన్ని ప్రాజెక్టులు ఉత్త క్లీనప్ ప్యాచ్‌లు తీసుకోవు. లైనక్స్ కెర్నల్‌లో అయితే స్టేజింగ్ డైరెక్టరీతో (ఇంకా పూర్తిగా సిద్ధం కాని డ్రైవర్లు ఉండేచోటు) మొదలుపెట్టండి, అక్కడ అలాంటివాటికి చోటుంది. ఒక ప్యాచ్‌లో ఒకటే పని. ఫార్మాటర్‌ను (కోడ్ అమరికను సరిచేసే టూల్‌ను) ఫైల్ మొత్తం మీద నడపొద్దు, మూడు లైన్ల మార్పు మూడు వందల లైన్ల డిఫ్ (తేడాల జాబితా) అయి రివ్యూ చేసేవాళ్లకు అసలు మార్పే కనపడదు. వెండర్ ఫోల్డర్ (బయటి నుంచి తెచ్చిన కోడ్ ఉండేది) ముట్టుకోవద్దు. టూల్ జెనరేట్ చేసిన ఫైళ్లు ముట్టుకోవద్దు. బయటివాళ్లు వాడే ఫంక్షన్ పేరు అందంగా లేదని మార్చొద్దు. ఏఐ టూల్ తీసేయమంది అన్నది కారణం కాదు. గట్టిగా ప్రశ్నలడిగితే నొచ్చుకోవద్దు: 2024లో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లో దాచిన బ్యాక్‌డోర్ (దొంగదారి) బయటపడ్డాక, ఒక బిల్డ్ ఫైల్లో దూర్చిన ఒంటరి చుక్క లాండ్‌లాక్ అనే రక్షణను ఆపేసిందని తేలింది, చిన్న ప్యాచ్ అంటే ప్రాజెక్టు చూసుకునే మెయింటైనర్లకు అనుమానం రాదా మరి? మళ్లీ చెప్తున్నా, ఎందుకుందో తెలియకపోతే తీయొద్దు. తెలిస్తే ఆ కారణం, అది ఇప్పుడెందుకు అక్కర్లేదో కమిట్ మెసేజ్‌లో రాయండి. మీ ప్యాచ్ ప్రాజెక్టులో కలిశాక (మెర్జ్ అయ్యాక) కూడా కొన్నాళ్లు ఇష్యూలు గమనించండి. మీ మార్పు వల్ల ఏదో పాడైందని ఎవరైనా రాస్తే వాదనకు దిగకుండా ముందు రివర్ట్ (ఆ మార్పును వెనక్కి తీసే ప్యాచ్) పంపండి, కారణం తర్వాత వెతకొచ్చు.