వీఆర్ హెడ్‌సెట్‌లో ఆఫీసు స్క్రీన్ ఆగుతుందా? ముందు లాప్‌టాప్‌కు వైరు పెట్టండి

నల్లగొండ, పాలమూరు దిక్కు ఇంటి నుంచే పనిచేసేటోళ్లు కండ్లకు పెట్టుకునే క్వెస్ట్ లాంటి వీఆర్ హెడ్‌సెట్‌లో లాప్‌టాప్ స్క్రీన్లు రెండు మూడు తెరిస్తే బొమ్మ ఆగి ఆగి కదులుతదా? వెంటనే నెట్ ప్లాన్ పెంచకండి. లాప్‌టాప్ నుంచి హెడ్‌సెట్‌కు బొమ్మ పోయేది ఇంట్లో రౌటర్ మీదుగానే. రెండూ వైఫైలో ఉంటే అదే బొమ్మ గాలిలో రెండుసార్లు పోవాలె, ఆలస్యం అక్కడే.

లాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలపండి. హెడ్‌సెట్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైలో పెట్టండి. రౌటర్ అదే గదిలో ఉండాలె. పాత ఇండ్ల రాతిగోడ దాటితే ఆ సిగ్నల్ బాగా పడిపోతది.

అక్షరాలు మసకగా ఉంటే ముందు లెన్సుల మధ్య దూరం సరిచేయండి. తర్వాత స్క్రీన్ రిజల్యూషన్‌ను (చుక్కల లెక్కను) 4కే నుంచి 1080కి దించి, అక్షరాల సైజు 125 శాతం చేయండి. హెడ్‌సెట్ చూపించగలిగిన చుక్కలే తక్కువ, అందుకే 4కేలో సన్న అక్షరాలు చెదురుతయి.

ట్యూబ్‌లైట్ కింద హెడ్‌సెట్ మీ చేతులను గుర్తుపట్టక తడబడితే దాని సెట్టింగ్స్‌లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్‌కు మార్చండి, మన కరెంటు అదే. కరెంటు పోయినా రౌటర్ ఆగొద్దని మినీ యూపీఎస్ కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద వోల్టులు చూడండి, ఎక్కువగా 12 ఉంటది.

పని అయినంక హెడ్‌సెట్‌ను కిటికీ దగ్గర అస్సలు పెట్టొద్దు. లెన్సు మీద ఎండ పడితే కొద్దిసేపట్లోనే లోపలి డిస్‌ప్లే కాలి మచ్చ పడతది, అది మళ్లీ పోదు.