మిగిలిపోయిన బ్లాకులతో చంటిపిల్లల అతుకుల బొంత

పోయినేడాది డబుల్ కాట్‌కి సరిపోయే పెద్ద బొంత కుట్టాక నా దగ్గర 13 బ్లాకులు మిగిలిపోయాయి, తొమ్మిదేసి చిన్న ముక్కలు మూడు వరసల్లో కలిపి కుట్టినవి. పారేయబుద్ధి కాదు, అలాగని వాటితో ఇంకో పెద్ద బొంత అవ్వదు. అటక మీద కవర్లో పడున్నాయి. మొన్న మా చెల్లికి నెలలు నిండుతున్నాయని తెలిసి వాటిని దించి 36 ఇంచుల చదరం బొంత కుట్టా, చంటిపిల్లని పడుకోబెట్టడానికి సరిగ్గా సరిపోయింది. ఎలా కుట్టానో మొత్తం చెప్తా.

ముందు లెక్క చూస్కోండి. నా బ్లాకులు 6.5 ఇంచులవి, కుట్టాక నాలుగు వైపులా పావు ఇంచు లోపలికి పోతుంది కాబట్టి 6 ఇంచులు కనపడతాయి. అడ్డం 5, నిలువు 5 అంటే మొత్తం 25 గళ్ళు, అందులో 13 అతుకుల బ్లాకులు, మధ్య మధ్యలో 12 సాదా ముక్కలు, చదరంగం బల్లలాగా. 30 ఇంచులు వస్తుంది. చుట్టూ 3 ఇంచుల బోర్డర్ వేస్తే 36. మీ దగ్గర ఎనిమిదో తొమ్మిదో ఉంటే ఆ లెక్క ప్రకారం తగ్గించుకోండి, అంతేగానీ సైజు ముందే అనేస్కుని దానికోసం హడావిడిగా కొత్త బ్లాకులు కుట్టొద్దు. ఉన్నవాటిని బట్టే బొంత సైజు ఉండాలి, నా అభిప్రాయం అది.

సాదా ముక్కలకి టైలర్ దగ్గర మిగిలే టూ బై టూ బ్లౌజు గుడ్డ చాలా బావుంటుంది, పాత కాటన్ లంగాలు, మంగళగిరి డ్రెస్ మెటీరియల్ ముక్కలు, పెడన కలంకారీ పీలికలు ఏవైనా పనికొస్తాయి కానీ కాటన్ మాత్రమే. జార్జెట్, షిఫాన్, పాలిస్టర్ కలిసినవి పక్కన పెట్టేయండి, అవి మిషన్ కింద జారిపోతాయి, ఇస్త్రీ వేడికి ముడుచుకుపోతాయి, పైగా చంటిపిల్లలకి చెమట పట్టిస్తాయి. జరీ, అద్దాలు, పూసలు ఉన్నవి అసలు వద్దు.

టైలర్ ముక్కలతో ఇంకో ఇబ్బంది ఉంది. క్రాస్ కట్ బ్లౌజులో మిగిలినవైతే ఏటవాలుగా ఉంటాయి, రెండు చేతుల్తో పట్టుకుని లాగితే రబ్బరులాగా సాగుతాయి, అలాంటిదాన్ని చదరంగా కోసి కుడితే అది మిషన్ మీదే వంకరపోతుంది. వీలైతే నిలువు పోగు చూస్కుని కోయండి, కుదరకపోతే పలచటి గంజిలో ముంచి ఆరేసి ఇస్త్రీ చేశాక కోయండి, అట్టలాగా బిగుసుకుంటుంది, కుట్టేటప్పుడు సాగదు. తర్వాత ఉతికితే ఆ గంజి ఎలాగూ పోతుంది.

రంగు విషయం మాత్రం తేలిగ్గా తీస్కోకండి. మెరూన్, ముదురు నీలం, నలుపు ముక్కల్ని విడివిడిగా నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించండి. తడి ముక్క మీద తెల్ల గుడ్డ పెట్టి రుద్దితే ఇంకా రంగు దిగుతుందో లేదో తెలిసిపోతుంది. నేను మొదట కుట్టిన బొంతలో ఒక్క మెరూన్ ముక్క తడపకుండా వేశా, మొదటి ఉతుకులోనే దాని చుట్టూ ఉన్న క్రీమ్ కలర్ ముక్కలన్నీ గులాబీ రంగు మరకలైపోయాయి, నెల రోజుల పని, చాలా బాధపడ్డా. అప్పట్నుంచి తడపని గుడ్డకి కత్తెర పెట్టను.

ఇప్పుడు అసలు పని, బ్లాకులన్నీ ఒకే కొలతకి తేవడం. ఒకేసారి కుట్టినవే కదా అనుకుంటాం గానీ టేపు పెట్టి చూస్తే ఒకటి 6.5, ఒకటి 6.25, ఒకటి ఒక పక్క ఎక్కువ ఒక పక్క తక్కువ, ఇలా ఉంటాయి. పాత శుభలేఖ ఉంటుంది కదా దళసరిది, దాంట్లోంచి 6.5 ఇంచుల చదరం కోసి ఉంచుకోండి, ప్రతి బ్లాకు ఇస్త్రీ చేసి దాని మీద పెట్టి, బయటికి వచ్చింది కోసేయండి. తక్కువ వచ్చినవాటిని లాగి సరిపెట్టొద్దు, ఆ పక్కన రెండు ఇంచుల పట్టీ అతికి మళ్ళీ 6.5కి కోయండి. పట్టీ కనపడితే కనపడనీయండి, అది అతుకుల బొంతే కదా.

నేల మీద 25 గళ్ళూ పరుచుకుని ఒకసారి దూరంగా నిలబడి చూడండి, ముదురు రంగులన్నీ ఒకే మూలకి చేరాయేమో. ఫోన్‌లో ఫోటో తీస్తే ఇంకా బాగా తెలుస్తుంది. తర్వాత మంచి వైపులు రెండూ కలిపి, వరస వరస కుట్టుకుంటూ పోండి. ఇస్త్రీ చేసేటప్పుడు కుట్టు మడతల్ని ఎప్పుడూ సాదా ముక్క వైపే పడుకోబెట్టండి, అప్పుడు పై వరసలో మడత ఇటు, కింద వరసలో అటు వస్తుంది, రెండు వరసలు కలిపేటప్పుడు ఆ మడతలు ఒకదాన్నొకటి తన్ని పట్టుకుంటాయి, వేలితో తడిమితే తెలుస్తుంది, అక్కడ గుండుసూది గుచ్చేస్తే మూలలు సూటిగా కలుస్తాయి. బోర్డర్‌కి 3.5 ఇంచుల వెడల్పు పట్టీలు, రెండు 30.5 పొడవువి, రెండు 36.5 పొడవువి.

లోపలికి దూది వద్దు, ఉతికితే ఉండలు కడుతుంది. మా అమ్మమ్మ వాడినట్టే పాత కాటన్ చీర. ఐదున్నర మీటర్ల చీరలో 42 ఇంచులవి ఐదు ముక్కలొస్తాయి. మూడు లోపలికి, గట్టిగా ఉన్నది ఒకటి అడుక్కి, ఐదోది దాచుకోండి. రెండు బొటనవేళ్ళతో పట్టి లాగితే చిరిగేదైతే అడుక్కి వేయకండి, మధ్యలో అయితే పర్లేదు. చలి దేశాల్లో ఉన్నవాళ్ళు చీర బదులు కాటన్ బ్యాటింగ్, అంటే బొంతల లోపలికని దుప్పటిలా పరిచి అమ్మే కాటన్ పొర, వేస్కోవచ్చు, మన ఎండలకి అవసరం లేదు.

అడుగు ముక్క ఉల్టా వైపు పైకి పెట్టి నేలకి టేపు అంటించి, దాని మీద మూడు పొరలు, పైన అతుకుల భాగం, అన్నీ అరచేత్తో మధ్య నుంచి బయటికి సర్దుతూ పరిచి పిన్నీసులు పెట్టండి, ప్రతి గడికి ఒకటి అంటే 25, బోర్డర్ చుట్టూ ఇంకో 20. ఆ 45 ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, తీసేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టండి. పసిపిల్ల పడుకునేది, ఒక్కటి కూడా మిగలకూడదు.

చేత్తో దూసే కుట్టే దీనికి అందం. లావుపాటి కాటన్ దారం మూరన్నర కంటే పొడుగు తీస్కోవద్దు, చిక్కుపడుతుంది. మధ్య గడి నుంచి మొదలుపెట్టి బయటికి రండి, అంచు నుంచి మొదలెడితే మధ్యలో గుడ్డ ఉబ్బిపోతుంది. అతుకు మీదుగా సూది దిగదు, పక్కన పావు ఇంచు వదిలి కుట్టండి, రెండేసి ఇంచుల దూరంలో వరసలు. ముడి పైన కనపడకుండా సూదిని పై పొరలోంచి లోపలికి దింపి చిన్నగా లాగితే టక్‌మని లోపలికి వెళ్ళిపోతుంది. రోజూ సాయంత్రం ఒక గంట కూర్చుంటే నాకు పది రోజులు పట్టింది.

అసలు మిషనే లేకపోతే కర్ణాటకలో సిద్ది అనే ఆఫ్రికా మూలాలున్న తెగ ఆడవాళ్ళు కుట్టే కవంది బొంతల పద్ధతి ఉంది, వాళ్ళు బ్లాకులు ముందు కుట్టరు, పాత చీర పరిచి అంచు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో ముక్క అంచు లోపలికి మడిచి పొరలన్నీ కలిపి దూసుకుంటూ మధ్యకి వస్తారు, అతకడం, బొంత కుట్టడం రెండూ ఒకేసారి అయిపోతాయి.

దూయడం అయ్యాక బయటికి ఉన్న చీర పొరల్ని పై భాగం అంచుకి సమంగా కోసేయండి. అంచు పట్టీకి చీర ఫాల్ వాడండి. కాటన్ ఫాల్ తడిపి ఆరేసి, పొడుగ్గా మధ్యకి కోస్తే దాదాపు రెండున్నర ఇంచుల పట్టీలు రెండొస్తాయి, అవి కలిపి కుడితే చుట్టూ కావాల్సిన నాలుగు మీటర్లకి సరిపోతుంది, కొనేముందు పొడవు మాత్రం చూస్కోండి. పొడుగ్గా సగానికి మడిచి, పై వైపు పావు ఇంచులో మిషన్ కుట్టు వేసి, వెనక్కి తిప్పి బ్లౌజుకి చేసినట్టే హెమ్మింగ్ చేయండి. మూల దగ్గర పావు ఇంచు ముందే ఆపి, పట్టీని పైకి మడిచి మళ్ళీ కిందకి దించి కుడితే చక్కగా ఏటవాలు మడత పడుతుంది.

ఇది పిల్లని పడుకోబెట్టడానికే, ఏడాదిలోపు పిల్లలకి నిద్రలో పైన కప్పొద్దు. మొదటిసారి విడిగా చల్లనీళ్ళలో ఉతికి నీడలో ఆరేయండి, ఐదు పొరలు కాబట్టి పైన ఆరినా లోపల తడి ఉంటుంది, మధ్యలో ఒకసారి తిరగేయండి.