మన ఊరి ర్యాపర్‌లో సరుకెంత? విని తేల్చుకోవడం ఎలా?

శ్రీకాకుళం కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపులో ఉంటే చాలు, ఎవరో ఒకరి ర్యాప్ లింకు వచ్చి పడుతుంది. వినకుండానే "సూపర్" కొట్టడం తేలిక. తూకం వేయాలంటే మూడుసార్లు వినాలి.

మొదటిసారి మాటల జోలికి పోకండి. కాలితో తాళం వేయండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మామూలుగా రెండు, నాలుగు దగ్గర స్నేర్ డ్రమ్ము టప్పుమంటుంది. కుర్రాడు ఒత్తి పలికే అక్షరం ఆ దెబ్బ మీద పడుతోందా? కొందరు కావాలనే కాస్త వెనక పడేస్తారు, మళ్లీ సరిగ్గా తాళంలోకి వచ్చి వాలతారు. తప్పిపోయినవాడు మాత్రం చివరిదాకా బీటు వెనక పరుగెడుతూనే ఉంటాడు. ఆ నాలుగు దెబ్బల చుట్టు ఒక బారు. నిమిషానికి 90 దెబ్బల పాటలో 16 బార్లంటే దాదాపు 43 సెకన్లు. అంతసేపూ ఒకే వేగంతో దంచేవాడికన్నా మధ్యలో ఆగి, సాగదీసి, మళ్లీ అందుకునేవాడికే నా మార్కులు. ఎక్కడా ఊపిరి తీసుకున్న జాడ లేకపోతే ముక్కలుగా పాడి అతికించి ఉండొచ్చు. అది నేరమేమీ కాదు, స్టేజీ మీద దొరికిపోతాడంతే.

రెండోసారి మాటలు వినండి. తెలుగు వాక్యం ఎక్కువగా క్రియతో ముగుస్తుంది కాబట్టి "వస్తా, చూస్తా, తెస్తా" అనే అంత్యప్రాస ఊరికే దొరుకుతుంది. దానికి మార్కులు వేయకండి. ఉదాహరణకి నేనే అల్లిన ఈ రెండు లైన్లు చూడండి:

వల లాగినాడు అయ్య వెరావల్లో,
అల ఆగినా కల ఆగదు మా ఊల్లో.

వల, అల, కల లోలోపల మోగుతున్నాయి. పద్యంలోలాగే రెండో అక్షరం ప్రాస కుదిరింది. గుజరాత్ రేవుకి వేటకి వలసపోయే మన తీరం బతుకూ వచ్చింది. "ఊల్లో" ఇక్కడి పలుకే. ఇంట్లో "ఏటి, ఎల్లిపోనాడు" అనేవాడు మైకు ముందు అమెరికా గొంతు తెచ్చిపెట్టుకుంటే ఇట్టే తెలిసిపోతుంది. హిప్ హాప్ 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో పుట్టిందే అనుకోండి, యాస కూడా అక్కడినుంచే దిగుమతి చేసుకోవాలా?

మూడోసారి బీటు, అంటే మాటల వెనక మోగే సంగీతం. ముందు అదెవరు కట్టారో చూడండి. యూట్యూబ్‌లో లీజుకి దొరికే టైప్ బీటైతే (పేరున్నవాళ్ల బాణీలో ముందే కట్టి పెట్టింది) ఆ మెప్పు ర్యాపర్‌ది కాదు, ఎంచుకున్న చెవి మాత్రం అతనిదే. 808 అంటే డ్రమ్ మెషిన్ నుంచి వచ్చిన లోతైన బేస్ మోత. ఫోన్ స్పీకర్లో దాని అడుగు మోత వినపడదు. ఇయర్‌ఫోన్స్‌తో వినండి, వీలైతే మీ వీధి ఆటోలో పెట్టించి వినండి. కిక్ డ్రమ్మూ బేసూ కలిసిపోయి గుంయ్‌మంటున్నా, "స" దగ్గర ఈల వేస్తున్నా మిక్సింగ్ లోపమే. దుప్పటి కప్పుకుని ఫోన్లో రికార్డు చేసినవాళ్లకి కాస్త మినహాయింపు ఇవ్వొచ్చు.

ఇక్కడివాళ్లు జముకు (జముకుల కథలో మోగే తీగ వాయిద్యం) వాడుతున్నారేమో ప్రత్యేకంగా వెతుకుతాను. దాని తీగ బిగించినా వదిలినా సాగే ధ్వని 808 జారుడుకి దగ్గర చుట్టమే. పాట మొదట్లో ఐదు సెకన్లు వినిపించి వదిలేస్తే అది ఉత్త బొట్టుబిళ్ల. ఆ మోతని కోసి, శ్రుతి సరిచేసి, పాటంతా బేస్‌గా నడిపితే వాడు ప్రొడ్యూసర్, అంటే అసలైన బీటు కట్టేవాడు.

విన్నాక కుర్రాడికి చెప్పేటప్పుడు సెకన్లతో సహా చెప్పండి: "తమ్ముడూ, 48వ సెకను దగ్గర ఊపిరందక చివరి మాట మింగేశావు. అక్కడ రెండు మాటలు తగ్గించి మళ్లీ పాడి పంపు."